చింతగింజకు లెక్క తెలియదు

రెండో తరగతి పిల్ల ముందు పదహారు చింతగింజలు పోసి లెక్కపెట్టమనండి. తడుముకోకుండా లెక్కపెడుతుంది. ఆ సంఖ్యను కాగితం మీద రాయమంటే 16 అని రాస్తుంది. ఇప్పుడు అందులోని 6 మీద వేలు పెట్టి, "ఈ అంకె చెప్పే గింజలేవో చూపించమ్మా" అంటే ఆరు గింజలు పక్కకు జరుపుతుంది. తర్వాత 1 మీద వేలు పెట్టి అదే ప్రశ్న వేయండి. చాలామంది పిల్లలు ఒకే ఒక్క గింజను ముందుకు తోస్తారు. మరి మిగిలిన తొమ్మిదీ ఎవరివని అడిగితే బిక్కమొహం వేస్తారు.

అమెరికాలో కాన్‌స్టాన్స్ కమీ, షారన్ రాస్ వంటి పరిశోధకులు 1980లలో ఇలాంటి పరీక్షలు పెట్టారు. మూడు, నాలుగు తరగతులకు వచ్చిన పిల్లల్లోనూ ఈ తప్పు తరచుగా కనిపించింది. గింజలు కళ్ళెదుటే ఉన్నాయి, లెక్క సరిగ్గా వచ్చింది, రాత కూడా సరిగ్గానే ఉంది. రానిది ఒక్కటే: పది గింజల్ని ఒకే సమయంలో పది ఒకట్లుగానూ, ఒక పదిగానూ చూడగలగడం. ఆ చూపు గింజలో ఉండదు, పిల్ల బుర్రలో తయారు కావాలి. ఇంట్లో లెక్కలు నేర్పడానికి వస్తువులు ఏరుకునే తల్లిదండ్రులు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

బడి టీచర్లు టీఎల్ఎం అని పిలిచే ఈ బోధనోపకరణాలు ఇప్పుడు తిరుపతి, చిత్తూరు అంగళ్ళలోనూ, ఆన్‌లైన్‌లోనూ రంగురంగుల డబ్బాల్లో దొరుకుతున్నాయి. వీటి చరిత్ర పాతదే. ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. విడి పూస ఒకటి, పది పూసల కడ్డీ, వంద పూసల పలక, వెయ్యి పూసల ఘనం, ఇదీ ఆమె పద్ధతిలో సంఖ్యల వరుస. బెల్జియంలో బడిపంతులు జార్జ్ క్విజనేర్ ఒకటి నుంచి పది సెంటీమీటర్ల పొడవున్న రంగు కర్రలు తయారుచేసి 1952లో వాటి మీద పుస్తకం అచ్చువేశారు. హంగరీలో పుట్టిన జోల్టాన్ డీన్స్ చెక్క దిమ్మెలతో స్థాన విలువ నేర్పారు. ఒకే భావాన్ని పిల్లలకు రెండు మూడు రకాల వస్తువుల్లో చూపించాలన్నది డీన్స్ సూత్రం. చెక్క దిమ్మెలో మాత్రమే పదిని గుర్తుపట్టే పిల్లవాడికి తెలిసింది దిమ్మె గురించే, పది గురించి కాదు.

మదనపల్లె పక్కనే ఒక ప్రయోగశాల

ఈ విషయం మీద మన ప్రాంతంలోనే దశాబ్దాలుగా పని జరుగుతోంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మదనపల్లెకు దగ్గర్లో జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ పాఠశాల ఉంది. దాని గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపింది. ఒక గది, ఒక టీచరు, అన్ని తరగతుల పిల్లలూ అక్కడే. అందరికీ ఒకేసారి ఒకే పాఠం చెప్పడం కుదరదు కాబట్టి పద్మనాభరావు, రమల ఆధ్వర్యంలో 'స్కూల్ ఇన్ ఎ బాక్స్' అనే పద్ధతి తయారైంది. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి మెట్ల వరుసలో పేర్చారు. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో వాడికే తెలుస్తుంది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు వచ్చి దీన్ని చూసి వెళ్ళారు, అక్కడ 'నలి కలి' బోధనా పద్ధతి మొదలైంది. 2003లో చెన్నై కార్పొరేషన్ టీచర్లు వచ్చారు, తమిళనాడు కృత్యాధార బోధనకు అది బాట వేసింది.

ఆ కార్డులు తయారుచేసిన బృందంలో పద్మప్రియ శిరాలి ఒకరు. 1983 నుంచి రిషి వ్యాలీతో అనుబంధం ఉన్న ఆమె లెక్కలతో పాటు తెలుగు కూడా బోధించారు. చెన్నైకి చెందిన ప్రసిద్ధ గణిత ఉపాధ్యాయుడు పి.కె.శ్రీనివాసన్‌తో 1990లలో కలిసి పనిచేశారు. ఆంధ్రప్రదేశ్ ఎస్‌సీఈఆర్‌టీ ప్రాథమిక గణిత పుస్తకాల పనిలోనూ పాలుపంచుకున్నారు. రిషి వ్యాలీ గణిత కేంద్రం, అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం కలిసి 2012లో మొదలుపెట్టిన 'ఎట్ రైట్ యాంగిల్స్' పత్రికలో స్థాన విలువ, భిన్నాలు వంటి ఒక్కో అంశాన్నీ ఏ వస్తువుతో ఎలా మొదలుపెట్టాలో ఆమె అనుబంధాలుగా రాస్తూ వచ్చారు.

ఇల్లు కూడా ఒక రకంగా ఏకోపాధ్యాయ పాఠశాలే. అక్క నాలుగో తరగతి, తమ్ముడు ఒకటో తరగతి, చెప్పేది ఒక్క అమ్మే. ఎన్ని వస్తువులు ఉన్నాయన్నది అక్కడ ముఖ్యం కాదు. ఏ వస్తువు ఏ మెట్టుకు పనికొస్తుందో తెలియడం ముఖ్యం.

గింజ, కట్ట, నాణెం

స్థాన విలువకు వాడే వస్తువులు మూడు రకాలు. పిల్ల తనే గుంపులు కట్టుకునేవి మొదటి రకం. గింజలు, పుల్లలు ఇందులోకి వస్తాయి. ముందే గుంపు కట్టి ఉన్నవి రెండో రకం. మాంటిస్సోరి పూసల కడ్డీ, డీన్స్ దిమ్మె అలాంటివి. అక్కడ పది ఒకటికి పదింతలుగా కంటికి కనిపిస్తుంది, కానీ విడదీయడం కుదరదు. పది కావాలంటే ఒకట్లిచ్చి మార్చుకోవాల్సిందే. మూడో రకం నాణేలు. పది రూపాయల బిళ్ళ రూపాయి బిళ్ళకు పదింతల సైజులో ఉండదు. దాని విలువ కేవలం ఒప్పందం.

కష్టం ఈ వరుసలోనే పెరుగుతుంది. కాబట్టి ఒకటో తరగతిలో డబ్బులతో పదులు నేర్పడం వెనక మెట్టును ముందుకు తేవడమే. కొబ్బరి చీపురు నుంచి వంద పుల్లలు విరిచి, కొన్ని రబ్బరు బ్యాండ్లు పక్కన పెట్టుకోండి. పిల్ల పది పుల్లలు లెక్కపెట్టి తన చేత్తో కట్ట కట్టాలి. మీరు కట్టిన కట్టలు ఇస్తే సగం పాఠం మీరే మింగేసినట్టు.

52 నుంచి 27 తీసివేయడం చూద్దాం. ఐదు కట్టలు, రెండు పుల్లలు బల్ల మీద ఉన్నాయి. ఏడు పుల్లలు ఇవ్వాలి, ఉన్నవి రెండే. ఒక కట్ట విప్పక తప్పదు. విప్పితే నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. ఏడు తీస్తే ఐదు మిగులుతాయి, రెండు కట్టలు తీస్తే రెండు మిగులుతాయి, మొత్తం 25. పుస్తకంలో "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అనే మాటకు అసలు అర్థం ఆ రబ్బరు బ్యాండు విప్పడమే. ఎవరూ ఎవరికీ అప్పివ్వలేదు, 52 ఎక్కడికీ పోలేదు, దాన్ని వేరే రకంగా పేర్చామంతే. కట్ట విప్పిన ప్రతిసారీ నోటు పుస్తకంలో 5 కొట్టేసి 4, 2 పక్కన 12 రాయిస్తే చేతిపనీ రాతా ఒకదానికొకటి అతుక్కుంటాయి.

నాణేలు ఈ మెట్టు దాటాక రావాలి. అప్పుడవి చాలా పనికొస్తాయి. తిరుమల పరకామణిలో హుండీ కానుకల నాణేలను విలువల వారీగా వేరుచేసినట్టే, కలిపి పోసిన చిల్లరను పిల్లవాడు ముందు వేరుచేసి, తర్వాత లెక్కగట్టాలి.

అందం ఎక్కువైతే

ఏనుగు ఆకారపు రబ్బర్లు, రంగు పండ్ల బొమ్మలు, చాక్లెట్లు ఉంటే పిల్లలకు ఆసక్తి పెరుగుతుందని అనుకుంటాం. పరిశోధనలు వేరే కథ చెబుతున్నాయి. జూడీ డెలోష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రెండున్నర నుంచి మూడేళ్ళ పిల్లలకు ఒక గది చిన్న నమూనా చూపించి, అందులో బొమ్మ దాచిన చోటును బట్టి అసలు గదిలో వెతకమన్నారు. ఆ నమూనాతో ముందుగా ఆడుకున్న మూడేళ్ళ పిల్లలు సరిగ్గా వెతకలేకపోయారు. దాన్ని గాజు పలక వెనక పెట్టి తాకనివ్వకపోతే రెండున్నరేళ్ళవాళ్ళు మెరుగ్గా వెతికారు. ఒక వస్తువు ఆటబొమ్మగా ఎంత లాగితే, వేరేదానికి గుర్తుగా అంత తక్కువ పనిచేస్తుందన్నమాట. నికోల్ మెక్‌నీల్ బృందం 2009లో ఇచ్చిన ఫలితమూ ఆసక్తికరమైనదే. అచ్చం అసలు డబ్బులా ఉండే నోట్లు, బిళ్ళలు వాడిన పిల్లలు డబ్బు లెక్కల్లో ఎక్కువ తప్పులు చేశారు. అయితే ఆ తప్పుల్లో భావం తెలియక చేసినవి తక్కువ. అంటే నిజమైన వస్తువు సందర్భాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది, జాగ్రత్తగా లెక్క చేయడానికి అడ్డుపడుతుంది.

కాబట్టి ఒకే రంగు, ఒకే సైజు, కథ చెప్పని వస్తువు మేలు. చింతగింజ గొప్పతనం దాని చప్పదనమే. చెనక్కాయలు పెట్టారనుకోండి, తిన్నవి పోను మిగిలినవెన్ని అనే ఒక్క లెక్కే మిగులుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. శేషాచలం అడవి పక్క ఊళ్ళలో ఎర్రగా, నల్లచుక్కతో మెరిసే గురివింద గింజలు పిల్లలకు ఇష్టంగా కనిపిస్తాయి. వాటిలో ఏబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంది. కొరికినా, సూదితో గుచ్చి దండ కట్టినా గట్టి పెంకు పగిలి అది బయటపడుతుంది. ఆముదం గింజల్లో రిసిన్ అనే విషం ఉంది. ఈ రెండూ లెక్కల డబ్బాలోకి రాకూడదు. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో ఏ గింజైనా గొంతులో అడ్డుపడవచ్చు, వాళ్ళకు అందనిచోటే పెట్టాలి.

దండ, పటం, గుంటలు

గింజల కుప్ప ఎన్ని అన్నది చెబుతుంది గానీ ఏ సంఖ్య ఎక్కడుందో చెప్పదు. 48 యాభైకి దగ్గరా, నలభైకి దగ్గరా అన్నది కుప్పలో కనిపించదు. దానికి వరుస కావాలి. ఢిల్లీకి చెందిన జోడో జ్ఞాన్ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన గణితమాల ఇందుకే. పది పూసలు ఒక రంగు, తర్వాతి పది మరో రంగు, ఇలా మారుతూ వంద పూసల దండ. తిరుపతి పూసల అంగళ్ళలో రెండు రంగులు కొని ఇంట్లోనే గుచ్చుకోవచ్చు. 48 దగ్గర క్లిప్పు పెట్టమంటే పిల్ల మొదట్లో ఒకటి నుంచి లెక్కపెడుతుంది. కొన్నాళ్ళకు నాలుగు రంగుపట్టీలు దాటి ఎనిమిది లెక్కపెడుతుంది. ఆ తర్వాత ఐదు పట్టీలకు రెండు తక్కువ అని వెనక నుంచి వస్తుంది. పెద్దవాళ్ళు కాచుకుని ఉండాల్సిన మార్పు అదే.

ఆటల పటాలు కూడా ఈ కోవలోవే. 2008లో రమణి, సీగ్లర్ అనే పరిశోధకులు పేద కుటుంబాల పసిపిల్లలతో ఒకటి నుంచి పది గళ్ళ ఆట ఆడించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట. వాళ్ళ సంఖ్యాజ్ఞానం గణనీయంగా మెరుగైంది. అంకెలకు బదులు రంగులే ఉన్న పటంతో ఆడినవాళ్ళలో ఆ మార్పు రాలేదు. వంద గళ్ళ పటంతో తర్వాత జరిగిన పరిశోధనలో లెక్కపెట్టే తీరు కూడా ముఖ్యమేనని తేలింది. 27 మీద కాయ ఉండి నాలుగు పడితే "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అనకుండా "ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి" అంటూ జరపాలి. మన వైకుంఠపాళిని అలా ఆడిస్తే చాలు, అది లెక్కల పాఠమే. ఒక తేడా మాత్రం ఉంది. వైకుంఠపాళిలో ప్రతి వరుసా దిక్కు మారుతుంది కాబట్టి 3 మీద 13, 13 మీద 23 రావు. పదుల క్రమం చూడటానికి ఎప్పుడూ ఎడమ నుంచి కుడికి రాసిన వందగళ్ళ పట్టిక వేరుగా కావాలి.

వామనగుంటల పీటలో ఒక్కొక్కరికి ఏడు గుంటలు. గింజ తర్వాత గింజ గుంటల్లో వదులుతూ పోవడంలో ఒక మాటకు ఒక వస్తువు అనే లెక్కింపు మూలసూత్రం ఉంది. కాస్త ఆరితేరిన పిల్లలు చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే అంచనా వేస్తారు. గచ్చకాయలాటలో ఒకటి పైకెగరేసి కింద ఉన్న నాలుగింటిని ఒకట్లుగా, రెండ్లుగా, మూడూ ఒకటిగా, నాలుగూ ఒకేసారిగా ఏరుతారు. నాలుగును విడగొట్టే దారులే అవి. ఆడే పిల్లకు అది లెక్కని ఎవరో ఒకరు చెప్పాలి, లేకపోతే అది వేళ్ళ నైపుణ్యంగానే మిగిలిపోతుంది.

ముగ్గులో ఎక్కాలు

గుణకారానికి గింజల కుప్పలకన్నా వరుసల్లో పేర్చిన చుక్కలు మేలు. ఐదు చుక్కల వరుసలు ఏడు పెడితే 35. కాగితాన్ని పక్కకు తిప్పితే ఏడు చుక్కల వరుసలు ఐదు. ఎక్కం సగమే కంఠస్థం చేస్తే చాలని పిల్లకు అప్పుడు తెలుస్తుంది. ఏడో ఎక్కం రాకపోతే ఏడు వరుసల్ని ఐదు, రెండుగా పుల్ల అడ్డం పెట్టి విడదీయొచ్చు. 7 ఎనిమిదులు అంటే 5 ఎనిమిదులు 40, 2 ఎనిమిదులు 16, మొత్తం 56. పెద్ద తరగతుల్లో విభాగ న్యాయం పేరుతో వచ్చేది ఇదే.

చుక్కల ముగ్గు వేసే ఇంట్లో దీనికి ఖర్చు లేదు. ఎదురు చుక్కలు పెడితే చదరపు వరుసలు వస్తాయి. సందు చుక్కలతో "ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా" అంటే 4, 5, 6, 7, 6, 5, 4. ముగ్గు వేయకముందే మొత్తం ఎన్ని చుక్కలో చెప్పమనండి. మధ్య ఏడును వదిలేస్తే ఒక పక్క 15, ఇంకో పక్క 15, అంతా కలిపి 37 అని సౌష్ఠవాన్ని వాడుకునే పిల్ల ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టే దశ దాటిందన్నమాట.

గింజలతో కుదరనివి

భిన్నాల దగ్గర గింజలు మొరాయిస్తాయి. ఒక గింజలో పావు చూపలేం. పొడవు, పరిమాణం ఉన్న వస్తువులు కావాలి. ఒకే పొడవున్న కాగితం పట్టీలు కోసి ఒకదాన్ని సగానికి, ఇంకొకదాన్ని నాలుగుకు, మరొకదాన్ని ఎనిమిదికి మడవండి. ఎనిమిది నాలుగుకన్నా పెద్దది కాబట్టి ఎనిమిదో వంతూ పెద్దదే అనుకునే పిల్లల పొరపాటు మడత విప్పగానే బయటపడుతుంది. పట్టీలన్నీ ఒకే పొడవుండటం తప్పనిసరి. పెద్ద దోసెలో సగం, చిన్న దోసెలో సగం సమానం కావు. పాలు కొలిచే పావు, అర లీటరు కొలతలతో ముప్పావు ఎన్ని రకాలుగా పోయొచ్చో నీళ్ళతో చేయించవచ్చు.

కొలతలకు పూల అంగడే బడి. అమ్మ మూరా పిల్ల మూరా ఒకటి కావు, ఒకే దండ అమ్మకు నాలుగు మూరలైతే పిల్లకు ఐదారు అవుతుంది. స్కేలు ఎందుకు పుట్టిందో దానికి మించి చెప్పనక్కర్లేదు.

అబాకస్ గురించి చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. గుజరాత్‌లోని వడోదరలో సుమారు 200 మంది పిల్లల మీద మూడేళ్ళపాటు జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. అబాకస్ నేర్చినవాళ్ళు కూడికలు, తీసివేతల వంటి లెక్కల్లో మెరుగయ్యారు, కానీ జ్ఞాపకశక్తి వంటి సాధారణ మేధాశక్తులు అందువల్ల పెరిగినట్టు తేలలేదు. కాబట్టి లెక్కల వేగం కోసం చేర్పించవచ్చు, తెలివి పెరుగుతుందనే ప్రకటన నమ్మి మాత్రం కాదు.

డబ్బా మూసే రోజు

జెరోమ్ బ్రూనర్ 1960లలో చెప్పిన వరుస ఇప్పటికీ చెల్లుతుంది. ముందు చేత, తర్వాత బొమ్మ, చివర గుర్తు. పుల్లల కట్టల నుంచి నిలువుగీత పది, చుక్క ఒకటి అనే బొమ్మలకు, అక్కడి నుంచి ఒట్టి అంకెలకు రావాలి. వస్తువు దగ్గరే ఆగిపోయినా, వస్తువును ఒక్కసారిగా లాగేసినా నష్టమే. 2013లో కార్బొన్నో బృందం 55 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు వస్తువులతో నేర్పడం వల్ల మేలు ఉందనీ, ఆ మేలు పెద్దవాళ్ళ మార్గదర్శనాన్ని బట్టి మారుతుందనీ తేలింది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలపై 2025లో 'నేచర్' ప్రచురించిన పరిశోధన ఇంకో కోణం చూపించింది. బేరాల్లో నోటి లెక్క తప్పని ఆ పిల్లలు బడి రూపంలో రాసిన అలాంటి లెక్కల దగ్గర తడబడ్డారు. బడి పిల్లలు బజారు లెక్కల్లో తడబడ్డారు. చేతికి తెలిసింది పుస్తకానికి దానంతటదే చేరదు.

డబ్బా మూయవచ్చని తెలుసుకోవడానికి ఒక గురుతు ఉంది. 63 నుంచి 28 తీయమన్నప్పుడు పుల్లలు ముట్టుకోకముందే "ఒక కట్ట విప్పాల్సి వస్తుంది" అని పిల్ల అంటే పుల్లల పని అయిపోయినట్టే. జవాబు సరిచూసుకోవడానికి మాత్రం వాటిని అడిగితే ఇవ్వండి.

మూసిన డబ్బాను మళ్ళీ తెరిచే రోజూ వస్తుంది. 23 గింజల్ని నలుగురికి పంచితే మిగిలే మూడింటిని ఏం చేయాలన్న ప్రశ్నతో భాగహారం వస్తుంది, దాని వెనకే భిన్నాలు వస్తాయి. నాలుగో తరగతికొచ్చి ఇంకా గింజలేంట్రా అని ఇంటికొచ్చిన చుట్టాలు నవ్వొచ్చు. కూడికల్లో ఆ పిల్లవాడు నాలుగో తరగతే, భిన్నాల్లో మాత్రం నిన్ననే బడిలో చేరాడు.